రెండో చెయ్యి

కేకు కొయ్యమని కత్తి ట్రీనా చేతికే ఇచ్చారు.

ఇచ్చింది లోరీన్. కావాలని ఇవ్వలేదు. సొరుగులో కత్తి దొరికింది, పక్కన ట్రీనా నిలబడి ఉంది, అంతే. ఆయాల గదిలో బల్ల నిండా పరిచినట్టుంది కేకు. తెల్ల క్రీము మీద నీలం అక్షరాలతో కార్లీ పేరు, దాని కింద క్రీముతోనే చేసిన నర్సు టోపీ. టోపీలు పెట్టుకునే నర్సులు ఎప్పుడో పోయారు. అయినా ఆ ఊరి కిరాణాకొట్టు వాళ్లకి నర్సంటే టోపీయే.

ట్రీనా కత్తిని వేడినీళ్ల కింద పట్టి, తుడిచి, సరిగ్గా పేరు నడిమధ్యలోకి దించింది.

"అదేంటే, పిల్ల పేరు రెండు ముక్కలు చేశావు!" అంది లోరీన్.

"పేరు తింటావా, కేకు తింటావా?"

కార్లీ నవ్వింది. పొద్దున్నుంచీ నవ్వుతూనే ఉంది. "పర్లేదులే. నాకు ఆ టోపీ ముక్క ఇవ్వు."

ట్రీనా టోపీ చెదరకుండా చుట్టూ గీటు పెట్టి, కత్తి పలక మీద ఎత్తి కార్లీ ముందుకు చాపింది. "కింద చెయ్యి పట్టు. నీ చేతుల్లోంచి జారతాయి."

గదిలో ఫోర్కుల చప్పుడు ఆగిపోయింది. కార్లీ నవ్వు మొహం మీదే ఉంది గాని కళ్లు కిందికి దిగిపోయాయి. ప్లేటు పట్టుకుంది. లోరీన్ గబగబా కాఫీ పోసింది.

వీళ్లు పనిచేసేది వృద్ధుల ఆశ్రమంలో. ఊరి చివర పాలకేంద్రం దాటాక, మొక్కజొన్న చేల అంచున ఉంటుంది. మార్చి నెలాఖరు. విస్కాన్సిన్‌లో ఆ రోజుల్లో నేల సగం మంచు, సగం బురద. ట్రీనా, కార్లీ ఇద్దరూ డిగ్రీ చదివి ఆయాలుగా చేరినవాళ్లే. ఒకే కోర్సుకి దరఖాస్తు పెట్టారు, ఒకే రోజు ఇంటర్వ్యూకి వెళ్లారు. వేరే డిగ్రీ ఉన్నవాళ్లని ఏడాదిన్నర తిరక్కుండా నర్సుల్ని చేసి పంపే కోర్సు అది. సీట్లు పిడికెడు, కావాలనేవాళ్లు గంపెడు. సోమవారం ఇద్దరికీ ఒకే గంటలో జవాబు వచ్చింది. కార్లీకి సీటు. ట్రీనాకి వెయిటింగ్ లిస్టు.

ఎందుకో ట్రీనాకి తెలుసు. దరఖాస్తులో ఒక ప్రశ్న ఉంది: పనిచేసే చోట మీ మీద ఎప్పుడైనా చర్య తీసుకున్నారా? ట్రీనా అవునని రాసింది. కార్లీ లేదని రాసింది. ఇద్దరూ కాగితం మీద నిజమే రాశారు. అదే ట్రీనాకి మింగుడు పడనిది.

జనవరిలో ఓర్విల్ అనే ముసలి రైతు తొడ ఎముక విరిగింది. నడవలేని వాళ్లని మంచం మీంచి కుర్చీలోకి ఎత్తడానికి ఒక యంత్రం ఉంటుంది. పొడుగాటి మెడ, కింద చక్రాలు. అందరూ దాన్ని కొంగ అంటారు. మనిషిని జోలెలాంటి గుడ్డలో కూర్చోబెట్టి, జోలె నాలుగు పట్టీలూ కొంగ కొక్కేలకి తగిలించి పైకి లేపాలి. ఒకరు కొంగని నడపాలి, ఒకరు మనిషిని పట్టుకోవాలి. ఇద్దరు లేకుండా ఎత్తకూడదు. ఆ రెండో మనిషిని వాళ్లు రెండో చెయ్యి అంటారు. ఎవరు ఎక్కడున్నా, "రెండో చెయ్యీ!" అని కేక వినపడితే వెళ్లాల్సిందే. ప్రతి గది తలుపు వెనకా వేలాడే కాగితం మీద ఇద్దరూ పొడి సంతకాలు పెట్టాలి.

సంతకాలు పెట్టడానికి ఎవరికీ తీరిక దొరకదు. అందుకని పొద్దున్న రాగానే ఒకరి గదుల కాగితాల మీద ఒకరు ముందే పెట్టేసుకునేవాళ్లు. ఎప్పటినుంచో ఉన్న అలవాటు. ఆ రోజు పొద్దున్న ట్రీనా కార్లీ గదులన్నిటికీ పెట్టింది. మధ్యాహ్నం కార్లీ ఎవర్నీ పిలవకుండా ఓర్విల్‌ని ఒక్కతే ఎత్తింది. ముసలాయన జారాడు.

"ట్రీనా నాతోనే ఉంది. మధ్యలో ఎక్కడో గంట మోగితే వదిలేసి పోయింది," అని చెప్పింది కార్లీ. కాగితం మీద ట్రీనా సంతకం ఉంది. ఆ సమయానికి ట్రీనా స్నానాల గదిలో ఇంకో ముసలామె వీపు రుద్దుతూ ఉంది. ఆ ముసలామెకి నిన్న ఏం జరిగిందో కూడా గుర్తుండదు. ఓర్విల్‌కి పక్షవాతం వచ్చి మాట ఎప్పుడో పోయింది. నర్సులందరి మీదా పెద్దయిన పామ్, కాగితం చూసి ట్రీనాకి రాతపూర్వకంగా హెచ్చరిక ఇచ్చింది.

కేకు అయిపోయాక ట్రీనా కత్తి కడిగి సొరుగులో పెట్టింది. అట్టపెట్టె మడిచి, మోకాలితో తొక్కి, చెత్తబుట్టలో కుక్కింది. పెట్టె మూత మీద అంటుకున్న నీలం క్రీము వేళ్లకి అంటింది. సబ్బుతో రెండుసార్లు రుద్దినా గోళ్ల సందుల్లో నీలం పోలేదు.

మర్నాడు పొద్దున్న కార్లీ తన గదుల కాగితాలు పట్టుకుని ఎప్పట్లాగే ట్రీనా దగ్గరికి వచ్చింది. జనవరి తరవాత కూడా ఆ అలవాటు ఎవరూ మానలేదు. ట్రీనా కూడా.

"ఒకసారి పెట్టేయవా?"

ట్రీనా తువ్వాళ్లు మడతపెడుతోంది. మడత మీద మడత వేసి, అరచేత్తో అదిమి, దొంతర మీద పెట్టింది. "ఎత్తేటప్పుడు పిలువు. వస్తే పెడతాను."

"ఎప్పుడూ పెట్టేదే కదా."

"అందుకే."

కార్లీ లోరీన్ వైపు తిరిగింది. లోరీన్‌కి అరవై దాటాయి. ముప్పై ఏళ్లుగా అక్కడే పని. ఎవరితోనూ పైకి తగువు పెట్టుకోదు, మనసులో ఉన్నది చెప్పకుండా ఎవరినీ వదిలిపెట్టదు.

"నా చెయ్యి నొప్పే తల్లీ," అంది లోరీన్. "పెన్ను పట్టుకుంటే లాగేస్తోంది."

"ఇప్పుడే క్రాస్‌వర్డ్ నింపావుగా!"

"అందుకే లాగేస్తోంది."

ఆ రోజు తూర్పు వరస పొడుగునా కార్లీ కేక వినిపిస్తూనే ఉంది. "రెండో చెయ్యీ!" కేక వినగానే ట్రీనా తన చేతిలో పని ఇంకాస్త జాగ్రత్తగా చేసేది. దుప్పటి మూలలు మళ్లీ విప్పి మళ్లీ దోపేది. ఒక ముసలాయన గడ్డం గీస్తూ బుగ్గ మీద మిగిలిన ఒక్క వెంట్రుక కోసం రేజర్ మళ్లీ ముంచేది. తీరిక దొరికాక వెళ్లేది. వెళ్లేలోపు కార్లీ పావుగంట గుమ్మంలో నిలబడి ఉండేది. మంచం మీద ముసలివాళ్లు విసుక్కుంటూ ఉండేవాళ్లు.

"ఇంతసేపా?" అనేది కార్లీ.

"చేతిలో మనిషి ఉన్నాడు. మధ్యలో వదిలేసి రమ్మంటావా?"

ఆ మాట అన్నప్పుడల్లా కార్లీ మెడ మీద ఎర్రగా మచ్చలు లేచేవి. అవి చూడడానికి ట్రీనా ఆ మాట మళ్లీ మళ్లీ అనేది. పుండు మీద ఉప్పు చల్లుతున్నట్టుండేది. తన పుండు మీదా, అవతలి పుండు మీదా. రెండూ బాగానే ఉండేవి.

ఇది కావాలని చేస్తున్నదేనని కార్లీకి తెలిసింది. అందరికీ తెలిసింది. తప్పని ఎవరూ అనలేరు. కాగితం ముందే సంతకం పెట్టకూడదు, అది రూలు. ఇద్దరు లేనిదే ఎత్తకూడదు, అది రూలు. ట్రీనా రూలు తప్పలేదు, ఒక్కటి కూడా.

గురువారం భోజనాల వేళకి కార్లీ గదుల్లో ఇద్దరు ముసలివాళ్లు ఇంకా మంచాల్లోనే ఉన్నారు. వాళ్ల సూపు చల్లారింది. పామ్ వచ్చి కార్లీని వరండాలో నిలబెట్టి మాట్లాడింది. మాటలు వినపడలేదు గాని, పామ్ చూపుడువేలు గడియారం మీద రెండుసార్లు తట్టడం ట్రీనా చూసింది. ట్రాలీ తోసుకుంటూ పక్కనుంచి వెళ్తూ చక్రం కిర్రుమంటుంటే ఆగి, వంగి, చక్రానికి చుట్టుకున్న దారప్పోగులు ఒక్కొక్కటీ లాగింది.

"ఇంక చాల్లే," అంది లోరీన్ ఆ సాయంత్రం కార్ల దగ్గర. కారు అద్దం మీద మంచు గీకుతోంది. "మంచాల్లో ఉన్నవాళ్లు ఏం పాపం చేశారే?"

"ఓర్విల్ గారు ఏం పాపం చేశారు?"

"అది అయిపోయింది."

"నాకు అవలేదు." ట్రీనా తన కారు తలుపు తీసింది. "కోర్సు వాళ్లు చేర్చుకునేటప్పుడు ఒక షరతు పెడతారు లోరీన్. పనిచోట మంచిపేరు ఉండాలి, చేరే రోజు దాకా. దాని సీటు పోతే వెనకున్నవాళ్లు ఒక మెట్టెక్కుతారు."

లోరీన్ గీకడం ఆపింది. "అమ్మనీ! అంత దూరం ఆలోచించావా?"

"దానంత దూరం ఆలోచించలేదులే. అది ఒక్క నిమిషంలో ఆలోచించింది."

తూర్పు వరస చివరి గది ఇర్మాది. ఒకప్పుడు ఆ జిల్లాలో ఇల్లిల్లూ తిరిగిన నర్సు. ఇప్పుడు నడుం కింద సత్తువ లేదు, నడుం పైన ఏ లోటూ లేదు. ఇంటర్వ్యూకి ముందు నెలంతా రోజూ ట్రీనాని మంచం పక్కన నిలబెట్టి ప్రశ్నలు వేసింది. "నీ తోటి నర్సు తప్పు చేస్తే నువ్వేం చేస్తావు?" అని ఒక ప్రశ్న. ట్రీనా జవాబు చెబితే, "పుస్తకంలో మాట అది. నీ మాట చెప్పు," అని మళ్లీ అడిగేది. ఆమె గది ఇప్పుడు కార్లీ వాటాలో ఉంది.

శుక్రవారం పొద్దున్న ఇర్మాకి జుట్టు చుట్టించుకునే వంతు. మంగలామె వారానికోసారే వస్తుంది. ఇర్మా ఏ పూట ఏది పోగొట్టుకున్నా ఊరుకుంటుంది గాని జుట్టు వంతు పోగొట్టుకోదు. తెల్లారకముందే కొంగని గదిలో పెట్టించుకుంది. అప్పటికే రెండుసార్లు గంట కొట్టింది.

"రెండో చెయ్యీ!" కార్లీ కేక.

ట్రీనా లోరీన్‌తో కలిసి అవతలి గదిలో పక్క మారుస్తోంది. కదల్లేదు. లోరీన్ ఆమె మొహం చూసి, తను వెళ్దామని దిండు కింద పెట్టింది.

"ఉండు," అంది ట్రీనా.

"ముసలామె జుట్టే!"

"ఉండమన్నానా."

మూడోసారి గంట మోగింది. తరవాత చివరి గది తలుపు మూసిన చప్పుడు. పూర్తిగా పడలేదు, దగ్గరగా వేసిన చప్పుడు. ట్రీనాకి ఒళ్లంతా చెవులైంది. తలుపు వేసుకుంటున్నారంటే ఒక్కతే ఎత్తబోతోందన్నమాట.

చేతిలో దుప్పటి అక్కడే వదిలి, నర్సుల బల్ల దగ్గరికి నడిచింది. పరుగెత్తలేదు. పామ్ ఫోనులో ఉంది.

"చివరి గదిలో కొంగ ఎందుకో సరిగ్గా పనిచెయ్యట్లేదు. మీరొచ్చి చూస్తే బాగుంటుంది."

పామ్ ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టి, "ఒక్క నిమిషం, వస్తున్నా," అంది.

ట్రీనా చివరి గది దాకా వెళ్లి తలుపు దగ్గర ఆగింది. అరచెయ్యంత సందు ఉంది. లోపల కొంగ గుంయ్‌మంటోంది. కార్లీ వీపు ఇటు తిరిగి ఉంది. ఒక చేత్తో మీట నొక్కుతోంది, ఇంకో చేత్తో జోలెని తిప్పుతోంది. ఇర్మా మంచం మీంచి లేచింది. తెల్ల మేజోళ్లు తొడిగిన పాదాలు గాల్లో ఊగుతున్నాయి.

దొరికావు, అనుకుంది ట్రీనా. రెండు నెలలుగా నాలిక కింద దాచుకున్న మాట అది. వెనక్కి చూసింది. పామ్ ఇంకా రాలేదు. రా, రా, త్వరగా రా.

మళ్లీ లోపలికి చూసింది. అప్పుడు కంటపడింది. ఎడమ కాలి పట్టీ కొక్కెంలోకి పూర్తిగా దిగలేదు. అంచు మీద ఆగి ఉంది. కార్లీకి అటువైపు కనపడదు. అటువైపు చూడాల్సింది రెండో మనిషి.

ట్రీనా కాలు కదపలేదు. పామ్ చెప్పులు వరండా మొదట్లో చప్పుడు చేశాయి. ఇంకొంచెం ఆగితే చాలు. పామ్ గుమ్మంలోకి వస్తుంది, ఒక్కతే ఎత్తుతున్న కార్లీని చూస్తుంది, కాలి పట్టీని చూస్తుంది. ఇంతకంటే ఏం కావాలి? పట్టీ ఇంతసేపు ఆగింది, ఇంకాస్సేపు ఆగుతుంది. జోలె మెల్లగా తిరిగింది. ఇర్మా మొహం తలుపు వైపుకి వచ్చింది. సందులోంచి ఇద్దరి కళ్లూ కలిశాయి.

ఇర్మా కేక వెయ్యలేదు. చూసింది.

పామ్ దారిలో ఎవరో పలకరిస్తే ఆగింది. ట్రీనా ఇంకా నిలబడే ఉంది.

పట్టీ వేలెడు జారింది.

ఎప్పుడు తలుపు తోసిందో, ఎప్పుడు లోపలికి దూకిందో ట్రీనాకి తెలీదు. రెండు చేతులూ ఇర్మా తొడల కింద ఉన్నాయి. ముసలామె బరువంతా మోచేతుల మీద పడింది. పట్టీ కొక్కెం వదిలి టప్పున చెంపకి కొట్టింది. "దించు!" అంది ట్రీనా. కార్లీ మొద్దులా నిలబడింది. "దించవే!"

కొంగ మెడ వంచింది. ఇర్మా మంచం అంచున దిగింది. అప్పుడు పామ్ గుమ్మంలోకి వచ్చింది.

గదిలో కొంగ. కొంగ దగ్గర ఒక ఆయా, మనిషి దగ్గర ఒక ఆయా.

"ఏమైంది దీనికి?"

పామ్ కొక్కెం వేలితో తోసి చూసింది. కొక్కెం మూసే చిన్న నాలిక కాస్త బిగుసుకుపోయి ఉంది. "నూనె వెయ్యాలి. మంచిపని చేశావు, ముందే చూశావు. ఇద్దరున్నారు కాబట్టి సరిపోయింది." జేబులోంచి పెన్ను తీసి తలుపు వెనక కాగితం ట్రీనా ముందు పెట్టింది. ట్రీనా సంతకం పెట్టింది. ఇంకేం చెయ్యాలో తోచలేదు. "చూశారా? ఆ రోజు కూడా ఇలాగే ఉండి ఉంటే ఓర్విల్ గారి కాలు విరిగేదా?"

ఆ మాట అని పామ్ వెళ్లిపోయింది. ట్రీనా చెంప మంటగా ఉంది. పట్టీ తగిలిన చోటో, ఇంకెక్కడో.

ఇర్మా జోలె సర్దుకుంది. "కార్లీ, మంగలామెని ఇంకాస్సేపు ఉండమని చెప్పిరా. పో."

కార్లీ వెళ్లింది.

"ఎంతసేపు నిలబడ్డావు?" అంది ఇర్మా.

"ఇప్పుడే వచ్చా..."

"నా మొహం తలుపు వైపు తిరిగినప్పటినుంచీ నీ బూట్లు కనపడుతున్నాయి తలుపు కింద."

ట్రీనాకి మాట తన్నుకొచ్చింది. "అది నా మీద అబద్ధం చెప్పింది. నా సీటు తిన్నది. అందరికీ తెలుసు, మీకూ తెలుసు."

"తెలుసు. అది దొంగదే. నేను కాదన్నానా?" ఇర్మా దువ్వెన తీసుకుని పల్చటి జుట్టుని వెనక్కి దువ్వుకుంది. "నక్కని పట్టాలని ఉచ్చు వేశావు. బాగుంది. ఉచ్చులో కోడిని కట్టాలి కదా, ఆ కోడి ఎవరో నన్నొకసారి అడగాల్సింది."

"పట్టుకున్నాను కదా ఇర్మా గారూ. పడనివ్వలేదు కదా."

"పడనివ్వలేదు. అదీ నిజమే." దువ్వెనలో వచ్చిన వెంట్రుకలు చుట్టి ట్రీనా అరచేతిలో పెట్టింది, పారెయ్యమని. "పామ్‌తో చెప్పాలనుంటే చెప్పు. నేను అడ్డం రాను. చెబితే రెండు ముక్కలూ చెప్పు. అది ఒక్కతే ఎత్తిందని ఒకటి, నువ్వు నిలబడి చూశావని ఒకటి. ఒక ముక్కే చెప్పావంటే రెండో ముక్క నేను చెబుతాను."

ఆదివారం ట్రీనా అత్తగారి దొడ్లో పేడ ఎత్తింది. అత్తంటే నాన్న చెల్లెలు. కరిగిన మంచుకి దొడ్డంతా రొచ్చు అయింది. పార దిగినప్పుడల్లా బురద పట్టుకుని లాగుతోంది. కార్లీ మీద కోపం ఎక్కడికీ పోలేదు. నిజానికి ఇంకా చిక్కబడింది. ఎవరి చేతిలోంచి ఎవరిని తప్పించింది తను! దాని చేతుల్లోంచి జారే మనిషిని పట్టి, దాన్నే నిలబెట్టింది. పామ్ దృష్టిలో ఇప్పుడు ఇద్దరూ మంచి పిల్లలు. ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా పార ఇంకా లోతుకి దిగింది. రెండో ముక్క తలుచుకున్నప్పుడు మాత్రం పార ఆగేది. అది తన గొంతులోనే ఉంది.

సోమవారం పొద్దున్న ఇర్మా గంట కొట్టి ఇద్దరినీ పేరుపెట్టి పిలిచింది. "ఇద్దరూ రండి. ఇద్దరూ."

కార్లీ మొహం వాడిపోయి ఉంది. రెండు రోజులు నిద్రపోయినట్టు లేదు. "థాంక్స్," అంది నెమ్మదిగా, జోలె కింద దూరుస్తూ.

"నీకోసం రాలేదు," అంది ట్రీనా.

"తెలుసు."

ట్రీనా నాలుగు పట్టీలూ తనే తగిలించి, ఒక్కొక్కటీ గుంజి చూసింది. కార్లీ మీట నొక్కింది. కొంగ లేచింది. ట్రీనా ఒక చెయ్యి ఇర్మా మోకాళ్ల కింద, ఒక చెయ్యి వీపు వెనక పెట్టింది. ఇర్మా మంచం వదిలి గాల్లోకి వచ్చింది. అప్పుడే ట్రీనా పైజేబులో ఫోను అదిరింది.

పనిలో ఫోను జేబులో ఉండకూడదు. వారం నుంచీ ఉంటోంది.

"తియ్యి," అంది ఇర్మా.

"చేతులు ఖాళీ లేవు."

"నావి ఖాళీయేగా." ఇర్మా గాల్లో ఊగుతూనే చెయ్యి చాపి ట్రీనా జేబులోంచి ఫోను లాగింది. కళ్లకి దూరంగా పట్టుకుని చూసింది. "మాడిసన్ నంబరు. మీ కోర్సు వాళ్లే అయుంటారు." కార్లీ మీట మీద వేలు తీసేసింది. కొంగ ఎక్కడిదక్కడ ఆగిపోయింది. ఇర్మా బొటనవేలితో నొక్కి, అందరికీ వినపడేలా పెట్టింది.

"ట్రీనా స్కోగన్ గారేనా?" ఆడమనిషి గొంతు, సంతోషంగా ఉంది. "అడ్మిషన్ల ఆఫీసు నుంచి. ఒక సీటు ఖాళీ అయింది. లిస్టులో తరవాత మీరే. కావాలా?"

ట్రీనా ఫోను వైపు తల వంచింది. "కావాలి."

"చాలా సంతోషం. మీ దగ్గర్నుంచే కార్లీ వెండ్ట్ కూడా వస్తోంది కదా, ఇద్దరికీ తోడు దొరికింది!" అవతల కీబోర్డు టకటకలు. "ఒక్క ప్రశ్న ఉంది. లిస్టులోంచి తీసుకునే అందరినీ అడుగుతాం. దరఖాస్తులో జనవరి హెచ్చరిక గురించి రాశారు, అది చూశాం. ఆ తరవాత మీ పనిచోట కొత్తగా ఏదైనా జరిగిందా, మేం తెలుసుకోవాల్సింది?"

ఇర్మా మొహం ట్రీనా మొహానికి జానెడు దూరంలో ఉంది. ఏమీ చెప్పలేదు ఆ కళ్లు. శుక్రవారం సందులోంచి చూసినట్టే చూశాయి.

కార్లీ మెడ మీద మచ్చలు లేచాయి. మీట పట్టుకున్న వేళ్లు తెల్లబడ్డాయి. వద్దు, అంటున్నాయి ఆమె పెదాలు, చప్పుడు లేకుండా. వద్దు ట్రీనా.

లేదు, అంటే చాలు. రెండక్షరాలు. అంటే సీటు తనది. అంటే కార్లీ సీటు కార్లీదే. ఏడాదిన్నర ఒకే బల్ల దగ్గర, ఒకే కొంగ దగ్గర, దానికి తను రెండో చెయ్యిగా, తనకి అది రెండో చెయ్యిగా. పట్టా పుచ్చుకునే రోజు కూడా అది నవ్వుతుంది. కేకు తింటుంది.

తన ముక్క తను బయటికి కక్కితేనే, అనుకుంది ట్రీనా, దాని ముక్క దాని గొంతులో అడ్డం పడుతుంది.

"ఉంది," అంది.

టకటకలు ఆగాయి. "చెప్పండి."

"శుక్రవారం ఇక్కడ ఒకామెని యంత్రంతో ఎత్తారు. ఇద్దరు ఎత్తాలి. ఒక్కరే ఎత్తుతున్నారు. నేను తలుపు దగ్గర నిలబడి చూశాను." ఇర్మాని ఇంకాస్త దగ్గరగా హత్తుకుంది. "పట్టీ జారేలా ఉందని కనపడింది. అయినా వెంటనే వెళ్లలేదు. ఎత్తేవాళ్లు పట్టుబడాలని నిలబడ్డాను. జారేముందు వెళ్లాను. ఆమెకి దెబ్బ తగల్లేదు. తగిలి ఉండేది."

అవతల గొంతు మారింది. "ఇది నేను పైవాళ్లకి చెప్పాలి, తెలుసు కదా?"

"తెలుసు."

"సీటు సంగతి అప్పటిదాకా ఆగుతుంది. ఆపేస్తారని అనడం లేదు. ఆగుతుంది."

"సరే."

"ఒక్కరే ఎత్తారన్నారు. ఎవరు?"

ట్రీనా కార్లీ వైపు చూసింది. రెండు నెలల తరవాత మొదటిసారి సూటిగా చూసింది. కార్లీ కళ్లలో నీళ్లు నిండి ఉన్నాయి, ఇంకా కిందికి రాలేదు.

"ఆ ప్రశ్న నన్నడక్కండి," అంది ట్రీనా. "ఆమె ఇక్కడే ఉంది. ఆమెనే అడగండి. జనవరిలో మాత్రం నన్నెవరూ అడక్కుండానే నా పేరు చెప్పేశారు."

ఇర్మా గాల్లోనే నడుం తిప్పి, ఫోను కార్లీ మొహం ముందు పట్టుకుంది.

"హలో?" అంది ఫోనులోని గొంతు. "ఎవరు మాట్లాడుతున్నారు?"

కొంగ మోటారు సన్నగా మూలుగుతోంది. వరండాలో ఎవరో ట్రాలీ తోసుకుపోయారు. కార్లీ నోరు తెరిచింది, మూసింది, మళ్లీ తెరిచింది.

"కార్లీ వెండ్ట్," అంది. "నేనే. ఒక్కదాన్నే ఎత్తాను." తరవాత, ఎవరూ అడక్కుండానే, "జనవరిలో కూడా నేనే. అప్పుడు ట్రీనా అక్కడ లేదు."

ట్రీనా ఎదురుచూసిన తీపి రాలేదు. చేదూ రాలేదు. చేతులు మాత్రం ఇక మొయ్యలేమంటున్నాయి. కార్లీ మీట వదిలేసి రెండు చేతుల్లో మొహం దాచుకుంది.

"ఏయ్, ఏయ్!" అంది ఇర్మా. "ఏడుపులకి బోలెడు రోజుంది. ముందు నన్ను దించండే."

కార్లీ మొహం తుడుచుకుని మీట అందుకుంది. ట్రీనా కాళ్లు ఎడం చేసి నిలబడి, బరువు కాచుకుంది.